పదో నంబరు స్పానర్

పోయినవారం మనం రెండో లైన్లో వదిలేసి వచ్చిన కారు ఇంకా స్టార్టింగులోనే ఉంది. పెట్రోలు మనది కాదు కాబట్టి మనకి కంగారు లేదు. దాని ముందు నిలబడ్డ పెద్దకోడలి కాళ్ళు మాత్రం వారం రోజుల నుంచీ నిలబడ్డట్టే లాగుతున్నాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పెద్దకోడలు బళ్ళ పొగ పరీక్షించే స్టేషన్లో ఇన్‌స్పెక్టరు. చేరి పది నెలలైంది. ఆమె మరిదికి నాలుగు వీధుల అవతల ట్యూనింగ్ షాపు ఉంది. కారు తయారుచేసిన కంపెనీ దాని కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం రాసి పంపుతుంది, ఎంత గాలికి ఎంత పెట్రోలు, ఎప్పుడెంత మంట అని. మరిది ఆ ప్రోగ్రాం తీసేసి తన ప్రోగ్రాం పెడతాడు. బండి దూకుతుంది. దూకినందుకు గుర్తుగా పొగ కూడా వదుల్తుంది. అంటే ఒకే బల్ల మీద తిని లేచి, ఒకరు పొగ పెట్టడానికీ ఇంకొకరు ఆ పొగ పట్టుకోవడానికీ బయల్దేరేవాళ్ళన్నమాట.

ఉద్యోగం వచ్చిన రోజే ఆ బల్ల దగ్గర మాటా మాటా పెరిగింది. "మామయ్యగారి కారైనా సరే, నా లైన్లోకొస్తే వదలను" అంది ఆమె. "ఏ ఇన్‌స్పెక్టరు కోసమూ ఆ కార్లో ఒక్క అంకె మార్చను, వదినైనా సరే" అన్నాడు మరిది. ఆ కారు పోయిన మామగారిది. మరిది తన విద్యంతా దాని మీదే నేర్చుకుని, వెనకద్దానికి పులి బొమ్మ అంటించాడు. ఆ రోజు నుంచీ ఇద్దరి మధ్యా రాయబారాలన్నీ అత్తగారి ద్వారానే. "ఉప్పు ఇటిమ్మని చెప్పమ్మా నీ కోడలికి" అని అతను. "చెయ్యి చాపితే అందుతుందని చెప్పండత్తయ్యా మీ అబ్బాయికి" అని ఆమె. పెద్దకోడలి భర్త మాత్రం ఏ పక్షమూ కాదు. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తాడు. కారు గురించి ఆయనకి తెలిసిందల్లా తలుపు తెరుచుకుంటుందని. ఒకసారి టైరు పంచరైతే తమ్ముడికి ఫోన్ చేసి, ఏ టైరని అడిగితే, "గుండ్రంగా ఉందిరా, రోడ్డు వైపుది" అన్నాడు.

ఇంతలో స్టేషన్‌కి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. రెండో లైన్ మేడమ్ తన మరిది చెయ్యి పడ్డ బళ్ళకి కళ్ళు మూసుకుని సర్టిఫికెట్లు ఇస్తోందనీ, నమ్మకపోతే ముందు వాళ్ళింటి కారే చూడమనీ. స్టేషన్ పెద్దసారు దాన్ని ఆమెకి చదివి వినిపించారు తప్ప చేతికివ్వలేదు. కారుని పిలిపించారు. అందులో మార్చిన ప్రోగ్రాం బయటపడితే మరిది షాపుకి సీలు. బయటపడనివ్వకుండా ఆమె చూసీ చూడనట్టు పోతే ఆమె ఉద్యోగానికి సీలు. ఎటు తిప్పినా లక్క కరిగేది ఆ ఇంటి మీదే.

ఇక కథలోకి వెళదాం.

"ఇంజన్ ఆఫ్ చెయ్యండి" అంది పెద్దకోడలు.

మరిది తాళం తిప్పాడు. "నన్ను 'అండి' అనడం పదేళ్ళలో ఇదే మొదటిసారి" అన్నాడు గేరు రాడ్డుతో.

"ఇక్కడ అందర్నీ అంటాం. బ్రేకులు లేని లారీ వాళ్ళని కూడా."

"పొద్దున్నుంచీ నోట్లో ఏమీ వేసుకోలేదమ్మాయ్" అంది వెనక సీట్లోంచి అత్తగారు, కొడుకు తరఫున. "ఏదో స్పానరు పోయిందట. పదో నంబరుదట. నిన్నట్నుంచీ వెతుకుతున్నాడు." ఇలా అని ఒళ్ళో ఉన్న చేతిసంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

పెద్దసారు పెద్దకోడలి భుజం వెనకే నిలబడ్డారు. ఆయన మంచివారే. కాకపోతే తన మంచితనాన్ని ఫైల్లో పెట్టి, నాడా బిగించి, బీరువాలో దాచుకున్నారు. ఎప్పుడైనా పై అధికారి సంతకం ఉంటే బయటికి తీస్తారు.

"బంధువుల బండైతే పక్క లైన్‌కి పంపాలి మేడమ్. రూలు నాకూ తెలుసు. కానీ ఉత్తరం మీ చేతుల మీద రాశారు. కాబట్టి మీ చేతులతోనే చూడండి. నేను మీ చేతులు చూస్తాను."

పెద్దకోడలు చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. పొడుగు కర్రకి బిగించిన అద్దం తీసుకుని కారు కిందికి జరిపింది. ఇంజన్ నుంచి వచ్చే పొగని కడిగి పంపే డబ్బా ఒకటుంటుంది అక్కడ. వేగం పిచ్చి ఉన్నవాళ్ళు ముందు దాన్ని పీకి, ఆ చోట ఖాళీ గొట్టం అతికిస్తారు. అద్దంలో డబ్బా కనిపించింది. మట్టి కొట్టుకుపోయి, కంపెనీ ముద్ర చెదరకుండా, పుట్టినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. 'ఉంది' అని కాగితం మీద రాసింది. ఊపిరి ఒక అంగుళం కిందికి దిగింది.

తర్వాత డ్రైవరు వైపు తలుపు తీసి, స్టీరింగు కింద ఉన్న సాకెట్లో స్కానర్ వైరు గుచ్చింది. వంగినప్పుడు కారు గడియారం కళ్ళబడింది. ఏడూ ఇరవై. స్టేషన్ గోడ మీద గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. మరిది భోజనానికి ఏ రోజు వేళకొచ్చాడు గనక, అతని కారు వేళ చూపించడానికి అనుకుని ఊరుకుంది.

ప్రతి ప్రోగ్రాంకీ ఒక వేలిముద్ర ఉంటుంది. ఎనిమిది అక్షరాలు. లోపల ఒక్క అంకె అటూ ఇటూ చేసినా ఆ ముద్ర మొత్తం మారిపోతుంది. ఆమె స్కానర్ మీద ఒక్కో అక్షరం చదివింది. పెద్దసారు కంపెనీ పంపిన జాబితా మీద వేలు పెట్టి ఒక్కోటీ సరిచూశారు. ఆరోదాని దగ్గర ఆయన వేలు ఆగింది. పెద్దకోడలి గుండె కూడా ఆగింది. ఆయన కళ్ళజోడు తీసి టైతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "ఊఁ, సరే" అన్నారు. ఏడు. ఎనిమిది. అన్నీ కలిశాయి.

కార్లో ఉన్నది కంపెనీ ప్రోగ్రామే.

సంతోషపడాల్సిన చోట ఆమె ఎనిమిది అక్షరాలూ మళ్ళీ మొదట్నుంచీ చదివింది. ఒక్క అంకె మార్చనన్న మనిషి కార్లో కంపెనీ ప్రోగ్రాం ఎలా వచ్చింది? ఇంకెలా, నిన్న రాత్రికి రాత్రి పెట్టి ఉంటాడు. తనిఖీ రోజు మాత్రం బడికొచ్చే మాస్టారిలాగ, పరీక్ష పొద్దున అసలుది, సాయంత్రానికి మళ్ళీ తనది. ఈ లైన్లో అది అందరికీ తెలిసిన వేషం. ఆ వేషం కట్టిందో లేదో తేల్చే పద్ధతి కూడా అందరికీ తెలిసిందే.

కారు కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ తనని తాను పరీక్షించుకుంటూ ఉంటుంది. మొత్తం ఎనిమిది పరీక్షలు. ఒకటి పూర్తయితే ఒక గడి నిండుతుంది. కొత్తగా ప్రోగ్రాం రాస్తే గళ్ళన్నీ చెరిగిపోతాయి. మళ్ళీ నిండాలంటే నాలుగైదు రోజులు బండి మామూలుగా తిరగాలి. ఒక గడి ఖాళీగా ఉంటే స్టేషన్ సర్దుకుంటుంది. రెండో గడి నుంచీ సర్దుకోదు.

పెద్దకోడలు బటన్ నొక్కింది.

ఎనిమిదికి ఎనిమిదీ ఖాళీ. తెర కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉంది.

పెద్దసారు కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. "నిప్పు లేనిదే పొగ రాదంటారు మేడమ్."

"రాత్రి పెట్టావా?" అంది ఆమె. 'అండి' ఎక్కడో జారిపోయింది.

"ఏం పెట్టాను?" మరిది కారు దిగి స్కానర్లోకి తొంగిచూశాడు. అతని మొహం పాలిపోవడం ఆమె చూసింది. నటించడం అతనికి రాదు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని తల పట్టుకునేవాడట.

"వదినా, ఇది ఇలా ఉండకూడదు" అన్నాడు.

పది నెలల్లో అతను ఆమెని 'వదినా' అని పిలవడం అదే మొదటిసారి. ఇద్దరూ గమనించలేదు.

"ఉండకూడదని నాకూ తెలుసు."

"అది కాదు. మొన్న సాయంత్రం నేనే చూశాను. ఎనిమిదీ నిండి ఉన్నాయి."

"మొన్న నిండినవి ఇవాళ్టికి ఎలా ఖాళీ అవుతాయి? నువ్వు రాస్తేనే అవుతాయి."

"నేను రాయలేదు."

"ఆ మాటే ఉత్తరం రాసినవాడు కూడా అంటాడు."

"మేడమ్" అన్నారు పెద్దసారు, ఫైలు తిప్పుతూ. "'మార్పును దాచే ప్రయత్నం' అని ఇక్కడో కాలమ్ ఉంది. ఇన్నేళ్ళలో నేను దాన్ని రెండుసార్లే నింపాను. షాపుకి ఇవాళే సీలు పడుతుంది. విచారణ అయ్యేదాకా మీరు ఇంట్లో ఉండాలి." నిజంగానే బాధపడుతున్నట్టున్నారు. అయినా కలం కాగితం మీదికి దిగుతూనే ఉంది.

"ఏమిటీ, ఏం ఖాళీ అయ్యాయి?" అని వెనక సీటు అద్దం కిందికి దిగింది.

"నువ్వుండమ్మా."

"గళ్ళత్తయ్యా. కారు కంప్యూటర్లో ఎనిమిది గళ్ళుంటాయి. అన్నీ తుడుచుకుపోయాయి."

"అన్నీనా? శుభ్రంగా?"

"శుభ్రంగా."

"అమ్మయ్య!" అంది అత్తగారు. లాటరీ తగిలినట్టు మొహం వెలిగిపోయింది.

పెద్దసారు కలం గాల్లో ఆగింది.

"అమ్మా" అన్నాడు మరిది, చాలా నెమ్మదిగా. "ఏం చేశావే?"

అత్తగారు తలుపు తీసుకుని దిగి, చేతిసంచీని బానెట్ మీద పెట్టింది. అందులోంచి కళ్ళజోడు పెట్టె తీసింది. మాత్రల పొట్లం తీసింది. మడత గొడుగు తీసింది. చిన్న టార్చిలైటు తీసి, వెలుగుతోందా అని ఒకసారి నొక్కి చూసి పక్కన పెట్టింది. ముగ్గురూ ఇంద్రజాలం చూస్తున్నట్టు చూశారు. చివరికి అడుగునుంచి చేతిరుమాల్లో చుట్టిన మూట తీసి విప్పింది.

"నా పదో నంబరు!" అని మరిది అరిచాడు.

మెకానిక్కులకి తప్ప ఈ అరుపు అర్థం కాదు. ఏ షాపులోనైనా తొమ్మిదో నంబరు స్పానరు ఉంటుంది, పదకొండు ఉంటుంది, ఎవరికీ పనికిరాని పదిహేడు మూడేసి ఉంటాయి. పదో నంబరు మాత్రం ఉండదు. మెకానిక్కు జీవితంలో సగం బండి కింద గడిస్తే, సగం ఆ స్పానరు వెతకడంలో గడుస్తుంది.

"బ్యాటరీ వైరు తీశాను" అంది అత్తగారు గర్వంగా. "నల్లది. ఎర్రది ముట్టుకోవద్దట, ముట్టుకోలేదు. ఒక సీరియల్ అయ్యేంతసేపు ఆగితే చాలు, కంప్యూటర్ అంతా మర్చిపోతుందట. నేను రెండు సీరియళ్ళు చూశాను, గట్టిగా మర్చిపోవాలని."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకేమిటి? ఉత్తరం వచ్చిందని నువ్వు వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడిస్తే నాకు వినపడదనుకున్నావా? గిన్నెలున్న కుళాయి చప్పుడు వేరు, ఏడుస్తున్న కుళాయి చప్పుడు వేరు. వీడు చేసిన పాపాలన్నీ ఆ కంప్యూటర్లో రాసి ఉంటాయి కదా. పలక తుడిచినట్టు తుడిచేస్తే, నీ ఉద్యోగం ఉంటుంది, వీడి షాపు ఉంటుంది. ఇందులో తప్పేముంది?"

మరిది రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఈసారి నొప్పి నిజంగా తలలోనే. "అమ్మా, పలక తుడిస్తే తుడిచినట్టు కనిపిస్తుందే! ఖాళీ గళ్ళంటేనే దొంగతనం గుర్తు!"

"ఆ సంగతి నాకెవరు చెప్పారు?"

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "చూడండమ్మా, మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ కొడుక్కి తల్లి సాక్ష్యం చెప్పడాన్ని మా ఆఫీసులో పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు. ఇతను ప్రోగ్రాం రాసి, తర్వాత మీచేత ఈ కథ చెప్పించొచ్చు కదా."

"కథలు చెప్పడమే వస్తే నేను టీవీ చూడ్డమెందుకు?" అంది అత్తగారు.

పెద్దకోడలు ఈ మాటలేవీ వినడం లేదు. ఆమె చూపు గోడ గడియారం మీద ఉంది. పదీ ముప్ఫై రెండు. వంగి కార్లోకి చూసింది. ఏడూ ముప్ఫై రెండు. ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా మూడు గంటలు.

"సార్, ఒక్కసారి ఇలా రండి. కారు గడియారం చూడండి."

ఆయన వంగి చూశారు. "తప్పు చూపిస్తోంది."

"తప్పు కాదు సార్, సాక్ష్యం చెబుతోంది. ప్రోగ్రాం రాస్తే ఈ కార్లో గడియారానికేమీ కాదు. బ్యాటరీ వైరు తీస్తేనే ఆగిపోతుంది. తగిలించగానే పన్నెండు నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. సరిగ్గా మూడు గంటలు వెనకబడిందంటే, వైరు తగిలించింది మూడింటికి." అత్తగారి వైపు తిరిగింది. "వైరు ఎన్నింటికి తగిలించారత్తయ్యా?"

"రెండో సీరియల్ అయిపోయేది మూడింటికేగా. చిన్నాడు కునుకు తీసి లేచేది మూడుంపావుకి. ఆలోపు తగిలించి, బానెట్ వేసి, టీ కూడా పెట్టాను."

పెద్దసారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. రెండుసార్లు లెక్కపెట్టారు. "బ్యాటరీ సంగతి ఒప్పుకున్నాను" అన్నారు చివరికి. "కానీ మేడమ్, గడియారం వైరు సంగతే చెబుతుంది. మొన్న ప్రోగ్రాం మార్చి, నిన్న వైరు తీసి ఉండొచ్చు. కాదనడానికి ఏముంది?"

ఆ మాటా నిజమే. పెద్దకోడలు ఒక్క క్షణం ఆలోచించింది. "ఒకటుంది సార్. ప్రోగ్రాం చివరిసారి రాసిన తేదీ. ఈ కంపెనీ బళ్ళలో అది లోపల ముద్రపడి ఉంటుంది. బ్యాటరీ తీసినా చెరగదు. రోజువారీ పరీక్షలో అవసరం రాదు కాబట్టి మనం అడగం."

"అడగండి."

"వద్దొదినా" అన్నాడు మరిది.

 ఆమె వేలు బటన్ మీదే ఆగింది.

"ఎందుకొద్దు?"

"గళ్ళు ఖాళీ అని రాసి వెనక్కి పంపెయ్. వారం తిప్పి తీసుకొస్తాను. ఆ తేదీ మాత్రం చూడొద్దు." అతని చెవులు ఎర్రగా కందిపోయాయి.

పెద్దసారు కలం మళ్ళీ కాగితం మీదికి దిగింది.  గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమే కాదు, గుమ్మడికాయ తెచ్చి చేతిలో పెడుతున్నాడు. మొన్నటి తేదీ ఉంటుంది, అంతే, అనుకుంది పెద్దకోడలు. ఇప్పుడు ఈ బటన్ నొక్కితే షాపు పోతుంది. అత్తగారు మళ్ళీ ఎప్పుడూ తన కుళాయి చప్పుడు వినదు. నొక్కకపోతే, ఉత్తరంలో రాసిందే నిజమవుతుంది. మరిది బళ్ళకి కళ్ళు మూసుకునే మేడమ్.

ఆమె కళ్ళు తెరుచుకునే నొక్కింది.

తెర మీద తేదీ వచ్చింది. చదివింది. నెల చూసి, తప్పు చదివాననుకుని మళ్ళీ చదివింది. మొన్నటిది కాదు. మొన్నటి నెలదీ కాదు. పది నెలల కిందటి పదమూడో తారీఖు.

ఆ నెల పన్నెండో తారీఖు ఆమెకి తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. ఉద్యోగంలో చేరిన రోజు.

"పది నెలలు" అన్నారు పెద్దసారు ఆమె భుజం మీదుగా చదివి. "అంటే పది నెలల నుంచీ ఇది కంపెనీ ప్రోగ్రాంతోనే తిరుగుతోంది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు." కలానికి మూత పెట్టారు. ఆ మూత పడిన టక్కుమన్న చప్పుడంత మంచి చప్పుడు పెద్దకోడలు ఈ మధ్యకాలంలో వినలేదు. "అయినా పొగ కొలిచే గొట్టం కూడా పెట్టి చూడండి. పద్ధతి పద్ధతే."

మరిది ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆమె సైలెన్సర్లో గొట్టం పెట్టింది. మిషన్ మీద అంకెలు లేద్దామా వద్దా అని ఆలోచించి, నేలకి జానెడెత్తులో పడుకున్నాయి.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు సార్" అంది పెద్దకోడలు. "ఇక్కడ పొగే లేదు."

పెద్దసారు నవ్వారో, పళ్ళ మధ్య ఏదో ఇరుక్కుందో తెలియలేదు. "గళ్ళు ఖాళీ కాబట్టి ఇవాళ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు. వారం తిప్పి తీసుకురండి. ఆరోపణలో నిజం లేదని నేను రాసి సంతకం పెడతాను. అమ్మా, మీరు మాత్రం దయచేసి సీరియళ్ళు సీరియళ్ళుగానే చూడండి." వెళ్ళబోతూ ఆగి, జేబులోంచి మడిచిన ఉత్తరం తీసి ఆమె చేతికిచ్చారు. "దీని నకలు ఫైల్లో ఉంది. అసలుది మీరే ఉంచుకోండి. చింపుకుంటారో, తగలబెట్టుకుంటారో మీ ఇష్టం. తగలబెడితే పొగ రాకుండా చూసుకోండి." నాడా విప్పుకుని బయటికొచ్చిన మంచితనం అది. వెంటనే మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు పెద్దకోడలు పక్కనే పేర్చి ఉన్న పాత టైర్ల మీద కూలబడింది. అత్తగారు సంచీలోంచి నీళ్ళ సీసా తీసిచ్చింది. ఆ సంచీలో ఇంకా ఏమేమున్నాయో దేవుడికే తెలియాలి. సగం సీసా గటగటా తాగి, మిగతా సగం మొహం మీద పోసుకుంది. వారం తర్వాత మొదటిసారి నీళ్ళకి నీళ్ళ రుచి తెలిసింది.

"పది నెలలు!" అంది ఊపిరి తిరిగాక. "పది నెలల్నుంచీ కంపెనీ ప్రోగ్రామే ఉంటే, ఆ పులి బొమ్మ ఎవరి కోసం? ఒక్క అంకె మార్చనని ఆ శపథం ఎవరి కోసం?"

మరిది స్పానరుని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు. "మార్చనన్నాను. నువ్వు చేరిన మర్నాడు మార్చేశాను. ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు."

"ఎందుకు మార్చావు?"

"మొదటి రోజు ఇంటికొచ్చి నువ్వు నీ చేతిరుమాలు ఉతికావు. నేను పళ్ళెం కడుక్కోవడానికి వెనక నిలబడ్డాను. మూడుసార్లు సబ్బు పెట్టావు. మూడుసార్లూ నీళ్ళు నల్లగానే పోయాయి." స్పానరు వంకే చూస్తున్నాడు. "ఆ నలుపులో మా షాపు వాటా ఎంతో అనిపించింది. ముందు ఇంట్లో బండి మార్చాను. తర్వాత షాపులో పొగ పెంచే పనులు మానేశాను. ఇప్పుడు చెడిపోయిన సెన్సర్లు మార్చడం, కంపెనీ ఇచ్చే కొత్త ప్రోగ్రాంలు ఎక్కించడం, అంతే. సగంమంది రావడం మానేశారు. అందుకే బోర్డు మీద పులిని ఇంకాస్త పెద్దది చేయించాను."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఏడుపొచ్చింది. చుట్టూ కుళాయి లేదు కాబట్టి రెండూ కలిపి కానిచ్చేసింది.

"నాకు ముందే తెలుసు" అంది అత్తగారు, టార్చిలైటు సంచీలో సర్దుకుంటూ. "పది నెలల్నుంచీ కారు కుదుపు తగ్గింది. నా నడుము నొప్పీ తగ్గింది."

"తెలిస్తే చెప్పకూడదా అమ్మా!"

"మీరిద్దరూ నా ద్వారా మాట్లాడుకుంటుంటే ఇంట్లో నాకో ఉద్యోగం ఉండేది."

"మరి అంతా బాగుందని తెలిసీ వైరెందుకు తీశారత్తయ్యా?"

"నా నడుముకి తెలుసు. కంప్యూటర్‌కి తెలుసో లేదో నాకేం తెలుసు?"

 "వారంపాటు రోజూ అమ్మని తిప్పు" అంది పెద్దకోడలు మరిదితో. నేరుగా అతనితోనే అంది. "ఒకటే వేగంలో పోవాలి. మధ్యలో కూరల కోసం ఆపకూడదు. ఏసీ వెయ్యకూడదు."

"అయితే నేను రాను" అంది అత్తగారు. "నా బదులు ఒక బియ్యం బస్తా పెట్టుకోండి. అది ఏమీ అడగదు."

ముగ్గురూ నవ్వారు. పెద్దకోడలు లేచి, ఉత్తరాన్ని చింపడానికి రెండు చేతుల మధ్యా పట్టుకుంది. అంచు అంగుళం చిరిగింది. అప్పుడు, చెత్తబుట్ట ఎక్కడుందా అని చూస్తూ, అంత పట్టింపు లేకుండానే అడిగింది.

"ఇంతకీ అత్తయ్యా, వైరు తీస్తే గళ్ళు ఖాళీ అవుతాయని మీకెవరు చెప్పారు?"

మరిది నవ్వు ఆగిపోయింది. "అవును, ఎవరమ్మా? ఖాళీ గళ్ళతో వస్తే ఇరుక్కుంటామని తెలిసినవాడే నీచేత ఈ పని చేయించి ఉండాలి. ఉత్తరం రాసింది కూడా వాడే అయ్యుంటాడు."

"చాల్లే. దారినపోయేవాళ్ళు చెబితే వినడానికి నాకేమైనా మతి పోయిందా? పెద్దాడే చెప్పాడు. నాకు గుర్తుండదని చీటీ మీద రాసి మరీ ఇచ్చాడు. నల్ల వైరు, పదో నంబరు స్పానరు, అన్నీ వరసగా." అత్తగారు మళ్ళీ సంచీలో చెయ్యి పెట్టింది. "ఇదిగో."

పెద్దాడంటే పెద్దకోడలి భర్త. పదేళ్ళ కాపురంలో పంచరైన టైరుని గుండ్రంగా ఉందని గుర్తుపట్టిన మనిషి.

పెద్దకోడలి ఎడమచేతిలో అంగుళం చిరిగిన ఉత్తరం ఉంది. కుడిచేతిలోకి చీటీ వచ్చి పడింది. రెండూ మడతల మీదే ఉన్నాయి. ఉత్తరంలో ఏముందో విన్నదే తప్ప, ఆ చేతిరాత ఆమె ఇంతవరకూ చూడలేదు.

"విప్పొదినా" అన్నాడు మరిది.